గల్లా ఒకరికి, ఖాతా ఒకరికా?

కాగితం రాయడానికి నన్ను పిలిచారు. ఊళ్లో నాలుగు అక్షరాలొచ్చినవాడు, అందులోనూ పేపర్లో పనిచేసేవాడు దొరికితే జనానికి ముందు గుర్తొచ్చే పని ఇదే. దంతాలపల్లిలో సైకిల్ సాయబు పక్షవాతంతో మంచం పట్టి అప్పటికి నలభై రోజులు. దుకాణాన్ని ఆయన దగ్గరే పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న షాగిర్దుకు ఇచ్చేద్దామని ఇంట్లోవాళ్లు మాట్లాడుకున్నారు. ధర కూడా తేలింది. ముప్పై వేలు. ఇక రాయడమే మిగిలింది. పది నిమిషాల పని అనుకుని వెళ్లాను. రాత్రి పదకొండు దాటినా మొదటి వాక్యం దాటలేకపోయాను.

ఎందుకు దాటలేకపోయానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

దంతాలపల్లి ఇప్పుడు మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు నర్సింహులపేట మండలం నుంచి విడిపోయి మహబూబాబాద్ జిల్లాలో కొత్త మండలమైంది. మా చిన్నప్పుడు మాత్రం వరంగల్ జిల్లాలో, తొర్రూరు, సూర్యాపేట బస్సుల కోసం జనం నిలబడే ఒక రోడ్డు మీది ఊరు. ఆ రోడ్డు పక్కనే చిచా దుకాణం. నాలుగు గుంజలు, పైన రేకులు. గంటకు రూపాయి ఇచ్చి మేం అద్దె సైకిళ్లు తొక్కింది అక్కడే. తర్వాత సైకిళ్లు తగ్గి మోటారు సైకిళ్లొచ్చాయి. చిచా గాలి మిషన్ కొన్నాడు. ఆ తర్వాత ట్యూబు లేని టైర్లొచ్చాయి. ఆ పనీ నేర్చుకున్నాడు. ఊరికి మాత్రం ఆయన చివరిదాకా సైకిల్ సాయబే. ఆయన్ని అసలు పేరుతో పిలవడం నేను మసీదులో తప్ప బయట వినలేదు.

అమ్ముతున్నదేమిటో ముందు రాయాలి కదా! రాద్దామని కూర్చుంటే ఏమీ కనిపించలేదు. ఆ జాగా ఆయనది కాదు, రోడ్డుది. పట్టా లేదు, కిరాయి కాగితం లేదు, లైసెన్సు లేదు, బోర్డు లేదు. గాలి మిషన్, పానాల పెట్టె, టైరు విప్పే కడ్డీలు, నీళ్ల టబ్బు, చేతిపంపు, రెండు పాత రీములు, ఒక కర్ర బల్ల. పాత ఇనుము కొనేవాడికి వేస్తే పదివేలు రావు. మరి ముప్పై వేలు దేనికి?

నమ్మకానికి. రాత్రి పదింటికి తలుపు కొట్టినా సాయబు లేస్తాడనే నమ్మకానికి. పంచరు లేనిచోట పంచరుందని చెప్పడనే నమ్మకానికి. డబ్బుల్లేకపోతే 'రేపియ్యి తీ' అంటాడనే నమ్మకానికి. వ్యాపారం చదివినవాళ్లు దీన్నే గుడ్‌విల్ అంటారు, కంపెనీలు కోట్లు పెట్టి కొంటాయి. మరి మా చిచా ముప్పై ఏళ్లు పోగుచేసుకున్న నమ్మకాన్ని ఇరవై వేలకు తూచింది ఎవరు? మంచం మీదున్న ఆయన కాదు. మంచం చుట్టూ కూర్చున్నవాళ్లు.

ఇది ఒక్క సాయబు కథ కాదు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం పనిచేసే ముస్లింలలో 61 శాతం మంది సొంత ఉపాధి మీదే బతుకుతున్నారు. హిందువుల్లో అది 55 శాతం. సొంత ఉపాధి అంటే వినడానికి గొప్పగా ఉంటుంది. బండి, బల్ల, కుట్టు మిషను, పంచరు టబ్బు - ఇవీ మా సొంత ఉపాధి. ఈఎస్ఐ, గ్రాట్యుటీ లాంటివి పదిమందిలోపు పనిచేసే చోటికి మామూలుగా రానే రావు. ఇద్దరే ఉన్న దుకాణంలో ఒకడు పడిపోతే రెండోవాడే ఆ మొదటివాడి పింఛను, ఇన్సూరెన్సు, వారసుడు, ఒక్కోసారి కొనుగోలుదారు కూడా. ఇన్ని పాత్రలు ఒక్కడి మీద పడ్డప్పుడు ధర్మం ఎటుందో తేల్చడం తేలిక కాదు.

2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్ సభలో ప్రధానమంత్రి ఒక మాటన్నారు. వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంచర్లు వేసుకుంటూ బతకాల్సిన అవసరం ఉండేది కాదని. ఆ మాట మీద చాలా చర్చ జరిగింది. నాకు మాత్రం చిచా చేతులు గుర్తొచ్చాయి. పంచరు వేయడం మాకు సిగ్గు కాదు. ముప్పై ఏళ్లు ఊరి చక్రాలు తిప్పినవాడు పడిపోతే నలభై రోజుల్లో ఆయన బతుకు ముప్పై వేలకు తేలిపోవడం - సిగ్గు అక్కడుంది. ఆ సిగ్గు సర్కారుది, సమాజానిది. ఆ రాత్రి కలం పట్టుకుని కూర్చున్న నాది కూడా.

నేను ఆలింను కాను, వకీలును కాను. బి.ఏ. చదివి ఉర్దూ నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఉర్దూకు వార్తలు మోసుకుంటూ బతుకుతున్నవాణ్ని. అయినా రెండు వైపుల పుస్తకాలూ కొంత చూశాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను, వయసువల్లో జబ్బువల్లో మనసు బలం దెబ్బతిన్న మనిషితో ఒప్పందం చేసుకునేవాడు ఆ మనిషి ఇష్టాన్ని లొంగదీసుకోగల స్థితిలో ఉన్నట్టే చూడమంటుంది. మన షరియత్‌లో 'మర్జ్-ఉల్-మౌత్' అనే మాటుంది. మరణానికి దారితీసే జబ్బులో ఉన్నవాడు చేసే దానం, వారసులు ఒప్పుకుంటే తప్ప, ఆస్తిలో మూడో వంతు దాటి చెల్లదు. ఆ స్థితిలో తక్కువ ధరకు అమ్మితే తగ్గించిన మేరకు దాన్నీ దానం కిందే లెక్కవేస్తారు. అంటే కాగితం మీద 'అమ్మకం' అని రాసినంత మాత్రాన అమ్మకం అయిపోదన్నమాట! ఏడాది దాటి సాగే పాత జబ్బును మామూలుగా ఇందులో కలపరు. కానీ నలభై రోజుల పక్షవాతం ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు?

కూఫా నగరంలో బట్టల వ్యాపారి అయిన ఇమాం అబూ హనీఫా గురించి ఒక కథ చెప్తారు. ఒకామె పట్టుబట్ట తెచ్చి వంద అడిగిందట. ఇంతకన్నా ఎక్కువ చేస్తుందన్నాడట ఆయన. ఆమె పెంచుతూ నాలుగు వందలకు వచ్చినా ఇంకా ఎక్కువే అన్నాడట. ఎగతాళి చేస్తున్నాడనుకుందామె. చివరికి వేరే మనిషిని పిలిపించి విలువ కట్టించి అయిదు వందలకు కొన్నాడట. కొనేవాడే అమ్మేవాడి తరఫున ధర పెంచడం! మనలో ఎంతమందిమి చేస్తాం? అవసరంలో ఉన్నవాడి దగ్గర కొనడాన్ని మన ఊళ్లలో 'కలిసొచ్చింది' అంటాం. ఒకడికి కలిసొచ్చిందంటే ఇంకొకడికి విడిపోయిందని అర్థం.

అలాగని షాగిర్దును దొంగను చేయలేను. ఆ పిల్లవాడు మాదిగవాడ నుంచి పన్నెండేళ్ల వయసులో చిచా దగ్గరికొచ్చాడు. ఊళ్లో ఇంకో దుకాణమేదీ తన పానాను వాడి చేతికివ్వని రోజులవి. చిచా పానా ఇచ్చాడు, తన కప్పులోనే చాయ్ ఇచ్చాడు. పద్దెనిమిదేళ్లలో జీతం ఇంత అని ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నరోజు వంద, లేనిరోజు యాభై, పండక్కి బట్టలు. చిచా నమాజుకు పోతే గల్లా దగ్గర కూర్చున్నది వాడే. చిచా పడిపోయిన రోజు ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తిందీ వాడే. ఆ ముప్పై ఏళ్ల నమ్మకంలో పద్దెనిమిదేళ్లు వాడి చేతులూ ఉన్నాయి. తన కష్టాన్ని తానే ముప్పై వేలు పెట్టి ఎందుకు కొనాలి? ఈ ప్రశ్న వాడు వేయలేదు. వేయలేని స్థితిలో ఉన్నాడు కాబట్టి నేను వేస్తున్నాను.

చట్టానికి వీడు కనిపించడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చూడండి. సర్టిఫికెట్ ఉన్న వ్యాపారి చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా, జబ్బుపడినా గడువు తీరేదాకా ఆ జాగాలో వ్యాపారం చేసే హక్కు ముందు భార్యకో భర్తకో, తర్వాత ఆధారపడ్డ బిడ్డకో ఇచ్చింది. మంచిదే. కానీ పక్కన చెమటోడ్చిన షాగిర్దు ఊసు లేదు. పైగా ఆ చట్టం పట్టణాలకే. దంతాలపల్లి లాంటి పంచాయతీల్లో రోడ్డు పక్క బతికేవాడికి అదీ లేదు.

షరియత్‌లో మాత్రం ఒక చిన్న తలుపు తెరిచి ఉంది. వారసుడు కానివాడికి, ముస్లిం కానివాడికైనా సరే, మూడో వంతు దాకా వసీయత్ చేయొచ్చు. ఇంకో మాట కూడా ఉంది. బతికున్న మనిషికి వారసులుండరు. ఆ రాత్రి అందరికన్నా గట్టిగా మాట్లాడింది చిచా తమ్ముడు. ఆ జాగాలో చికెన్ దుకాణం పెట్టాలని ఆయన ఆశ. 'మియా, జల్దీ రాసెయ్, వాడు మల్ల మాట మారుస్తడు' అన్నాడు. చిచాకు కొడుకున్నాడు, ఇద్దరు బిడ్డలున్నారు. కొడుకుండగా తమ్ముడికి ఫరాయిజ్ లెక్కలో వాటానే లేదు. వాటా ఉన్న ఆడపిల్లలిద్దర్నీ ఎవరూ పిలవనేలేదు. మా ఇళ్లలో ఎక్కువసార్లు జరిగేది ఇదే. షరియత్ షరియత్ అంటాం, ఆడపిల్ల వాటా దగ్గరికి వచ్చేసరికి రివాజ్ అంటాం.

ఇక ఖాతా. నన్ను నిజంగా ఆపేసింది అదే.

చిచా ఖాతా ఉర్దూలో రాసేవాడు. షాగిర్దుకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కొడుకు ఇంగ్లీషు మీడియం, వాడికీ రాదు. ఆ ఇంట్లో ఆ పుస్తకం చదవగలిగింది మంచం మీదున్న చిచా, పక్కన కూర్చున్న నేను. ఎంత విచిత్రం! ముప్పై ఏళ్ల ఊరి బాకీలన్నీ ఊరికి రాని లిపిలో ఉన్నాయి. అయినా 'సాయబు తప్పు రాసిండు' అన్నవాడు ఒక్కడూ లేడు.

ఒక్కొక్క పంక్తీ తెలుగులో చదివి వినిపిస్తుంటే షాగిర్దు రాసుకుంటున్నాడు. ఫలానా మాస్టారు రెండు ట్యూబులు. ఫలానా పటేలు టైరు. ఇంకోవైపు చిచా ఇవ్వాల్సినవి. తొర్రూరు హోల్‌సేలు దుకాణంలో తొమ్మిదివేలు. మిత్తికి తెచ్చినవి పదిహేనువేలు. ఇవి కాక ఒక పేజీ పైన 'అమానత్' అని రాసి ఉంది. కూలీలు, ముసలివాళ్లు దాచిపెట్టమని ఇచ్చిన డబ్బులు. ఒక ముసలమ్మ తన చావు ఖర్చుకని ఇచ్చిన నాలుగువేలు ఉన్నాయి అందులో. ముప్పై వేలకు దుకాణం కొన్నవాడు ఇవన్నీ కొన్నట్టా, కొననట్టా?

అలా చదువుతూ ఒకచోట ఆగాను. మా అబ్బా పేరు. నేను పదో తరగతిలో ఉండగా నా కోసం వాయిదాల మీద తీసుకున్న సైకిలు. నాలుగు వందల యాభై బాకీ. పాత పుస్తకం నుంచి కొత్త పుస్తకానికి, కొత్తదాన్నుంచి ఇంకో కొత్తదానికి చిచా దాన్ని ఎత్తి రాస్తూ వచ్చాడు. అబ్బా పోయి పన్నెండేళ్లు. నేను ఆ పంక్తి దాటేసి కింది పంక్తి చదివాను. ఎందుకు దాటేశానంటే చెప్పలేను. అంతమందిలో సిగ్గనిపించింది, అంతే. చిచా నోరు వంకరపోయింది, మాట సరిగా రాదు. ఎడమచేతి వేలు పైకెత్తాడు. 'ఏక్... రహ్ గయా... బేటా' అన్నాడు. ఒకటి మిగిలిపోయిందట!

వెనక్కి వెళ్లి చదివాను.

అప్పుడు తెలిసింది నాకు. నలభై రోజులుగా మేమంతా ఆయన ఎదుటే ఆయన లేనట్టు మాట్లాడుతున్నాం. ధర కట్టాం, జాగా పంచుకున్నాం. ఆయనకు మాత్రం ముప్పై ఏళ్ల హిసాబ్ పంక్తి పంక్తీ గుర్తుంది. ఖురాన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్, బఖరా సూరాలోని 282, అప్పు రాసుకోవడం గురించే. బాకీ ఉన్నవాడు బలహీనుడైతే, చెప్పి రాయించలేకపోతే అతని తరఫు మనిషి న్యాయంగా చెప్పి రాయించాలంటుంది అందులో. బలహీనుడి పేరు మీద రాసే కలానికి రెట్టింపు భయం ఉండాలని నాకు అర్థమైంది. నేనేమో నా ఇంటి పంక్తినే మింగబోయాను.

అమ్మకం కాగితం రాయనని చెప్పాను. మరేం చేద్దామంటే నేననుకున్నది ఇది. జబ్బులో ఉన్న మనిషి దుకాణాన్ని కొనొద్దు, మోయాలి. ఆయన లేచి వస్తే కూర్చోవడానికి చోటుండాలి. ఒక ఏడాది షాగిర్దు నడుపుతాడు, వచ్చిన దాంట్లో ఖర్చులు పోను సగం చిచా ఇంటికి, సగం తనకు. సామాన్లన్నీ పట్టీ రాయాలి. ఖాతాలో రావాల్సినవి, ఇవ్వాల్సినవి, అమానత్ అన్నీ దుకాణంతోనే ఉంటాయి. గల్లా ఎవరి చేతికొస్తే ఖాతా వాళ్ల నెత్తిన ఉండాలి. ఏడాది తర్వాత కూడా చిచా లేవకపోతే బయటి మెకానిక్కులు ఇద్దరు ధర కడతారు. ఆ ధరలో మూడో వంతు షాగిర్దు కష్టం కింద తగ్గించాలి. తలొక మాటన్నారు. చిచా కళ్లతో ఒప్పుకున్నాడు. బిడ్డలిద్దరితో ఫోన్లో మాట్లాడించాం.

చాచీ మాత్రం ఒప్పుకోలేదు. 'నీ ఇన్సాఫ్ బాగుంది బేటా. రేపు మందులకు పైసలెవరిస్తరు?' అంది. నా దగ్గర జవాబు లేదు. పేదరికం న్యాయం కోసం ఏడాది ఆగదు. ముప్పై వేలు తక్కువ ధరే కావచ్చు, కానీ ఆమెకు అవి ఆ రోజు కావాలి. న్యాయమైన ధర ఏడాది తర్వాత వస్తే మనిషి అప్పటిదాకా ఉంటాడా? ధర్మం చెప్పేవాళ్లం ఎప్పుడూ ఈ ప్రశ్నను పక్కకు నెడతాం. మన జేబు ఖాళీ కాదు కాబట్టి! చివరికి షాగిర్దే, 'అమ్మా, ఇరవై నేను తెస్తా. ధర కింద కాదు, చేబదులు కింద రాస్కోండ్రి' అన్నాడు. భార్య వెండి కడియాలు కుదువ పెట్టి తెచ్చాడు. నేను మా అబ్బా బాకీ నాలుగు వందల యాభై ఇచ్చాను. పాతికేళ్ల నాటి డబ్బుకు అదే అంకె ఇవ్వడం న్యాయమా అంటే, కాదు. ఎంత న్యాయమో నాకిప్పటికీ తెలియదు. మిగతాది మందుల రూపంలో సర్దే ప్రయత్నం చేశాను.

లేవబోతుంటే షాగిర్దు బయటికొచ్చి మెల్లగా అడిగాడు. 'అన్నా, సాయబు షాపు అనే అనొచ్చా?' లోపలి నుంచి చిచా తమ్ముడు విన్నాడు. 'మా పేరు నీకెందుకుర?' అన్నాడు.

పేరు ఎవరిది? ఆలోచించండి. మా కులాల పేర్లే వృత్తుల పేర్లు. 2007లో రిజర్వేషన్ల కోసం వేసిన బీసీ-ఇ జాబితా చూడండి. అత్తర్ సాయిబులు, హజాం, ఖురేషి. ఆ జాబితాలో లేకున్నా బీసీ-బిలో దూదేకుల. పని మారినా పేరు వదలదు. అలాంటిది ఆ పేరును ఇంకొకడు తనంత తాను కోరి అడుగుతున్నాడు! 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారి వెంబడి హోటళ్ల మీద యజమానుల పేర్లు రాయాలని పోలీసులు ఆదేశించారు. జూలై 22న సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది. అక్కడ పేరు అడిగింది జనం దూరంగా పోవడానికి. ఇక్కడ ఒక మాదిగ పిల్లవాడు అదే పేరు అడుగుతున్నది జనం దగ్గరికి రావడానికి. సాయబు అంటే మోసం చేయనివాడని ఈ ఊళ్లో ఒక అర్థం ఉంది. ఆ అర్థాన్ని నిలబెట్టగలిగినవాడిదే ఆ పేరు. రక్తంతో మాత్రమే వచ్చేదైతే అది పేరు కాదు, ముద్ర. ముద్రల బాధ మాకు తెలుసు, వాడికి మాకన్నా ఎక్కువ తెలుసు.

చిచా లేవలేదు. ఏడో నెలలో పోయాడు.

జనాజా నమాజుకు ముందు కొడుకు లేచి, మా అబ్బా ఎవరికైనా బాకీ ఉంటే నన్నడగండి, లేదా మాఫ్ చేయండి అన్నాడు. ప్రతి జనాజాలో అనే మాటే. ఆ మాట కాగానే బయట చెప్పులు విడిచిన దగ్గర నిలబడ్డ జనంలోంచి షాగిర్దు గొంతు వినబడింది. 'దుకాణం మీది బాకీలు నన్నడగాలె.' ఎవరూ ఏమీ అనలేదు. నమాజు మొదలైంది.

ఆ తర్వాత ధర కట్టారు, ముప్పై వేల కన్నా ఎక్కువే వచ్చింది. మూడో వంతు పోను మిగిలింది వాయిదాల మీద ఇస్తున్నాడు. రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. చిన్నబిడ్డ వాటా ఇంకా పూర్తిగా చేరలేదు, దాని కోసం కొడుకుతో నేను ఇప్పటికీ పోట్లాడుతున్నాను. మిత్తి అప్పు ఇంకా కొంతుంది. అంతా బాగైపోయిందని నేను చెప్పను. ముసలమ్మ నాలుగువేలు మాత్రం గల్లాలో ఒక సంచిలో వేరుగా ఉన్నాయి. నేను వెళ్లినప్పుడల్లా షాగిర్దు ఆ సంచి తీసి చూపిస్తాడు. నేను అడగకుండానే.

ఖాతా ఇప్పుడు తెలుగులో రాస్తున్నాడు. మొదటి పేజీలో చిచా రాసుకునే 786 అంకెను అలాగే దించుకున్నాడు. దానర్థమేమిటని ఒకసారి అడిగాను. 'నాకెరికలేదన్నా. ఉస్తాద్ ఏ పుస్తకమైనా ఇది రాసినంకనే మొదలువెడ్తుండె' అన్నాడు.